అడవిలోని చిన్న కన్ను

నేడు అడవులలో చెట్లకు చిన్న కెమెరాలను గట్టి వచ్చుచున్నారు. ఎదుట జంతువు కదలినంతనే అవి తమంత తామే చిత్రమును దీయును. మన నల్లమలలో పులులను వాని చారలనుబట్టి గుర్తించి లెక్కించుట యీ సాధనముతోనే.

మనుష్యుడు దగ్గర లేడు గదా, మృగములకు బెదురెందుకని తోచవచ్చును. కాని కెమెరా చేయు సన్నని చప్పుడును, మన కన్నులకు గానరాని దాని వెలుగును గొన్ని మృగములు పసికట్టగలవు.

ఆఫ్రికా యడవులలో తోకలేని వానరముల చిత్రములను బరిశీలించి శాస్త్రజ్ఞులు 2019లో కొన్ని సంగతులు ప్రకటించిరి. చింపాంజీలు చాలవరకు కెమెరాను లక్ష్యపెట్టలేదు. బొనొబోలు చింపాంజీలకంటె నెక్కువ జంకి దూరముగా మెలగినవి. కొన్ని వానరములు దానిని పొడిచియు గొరికియు జూచినవి. పెద్దవానికంటె పిల్లలే యెక్కువసేపు దానివంక తేరిపార జూచినవట! క్రొత్త వస్తువును జూచినపుడు మన యిండ్లలోని పసివారును అంతియే గదా.

ఇది వినోదమాత్రము గాదు. ఒక జాతి జంకి తొలగిపోయి, మరియొకటి వింతగొని దగ్గరకు వచ్చినచో లెక్క తారుమారగును. ఆ లెక్కను నమ్మియే అడవికి గాపుదల యేర్పరచుచున్నారు. కావున మృగమును మనము చూచుటయే గాక, మృగము మనలను జూచు తీరునుగూడ నెరుగవలయును.