చదువు విడిచినవారికి ఏడేండ్ల గడువు



చదువు నడుమ ఆపినవారు అంతవరకు ఉత్తీర్ణులైన పాఠముల 'క్రెడిట్లు' జమయుంచుకొని, మరల చేరి పట్టము పొందవచ్చునని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2021 జూలైలో నిబంధనలు చేసినది. సంతోషము. కాని ఆ జమకు గరిష్ఠముగా 7 సంవత్సరములే ఆయువు. అదియు 2021-22 నుండి చదివినవానికే. మా బళ్ళారి తెలుగు ఇండ్లలో పెండ్లితో చదువు మానిన కోడలికి, తండ్రి పోగా అంగడిలో కూర్చున్న కొడుకునకు అంతలో తెరపి దొరకునా? బిడ్డలు బడికి పోవు వేళకు గడువు తీరును. అంతకు పూర్వము మానినవారి మార్కుల పట్టీ పెట్టెలోనే ఉండును. పాఠ్యక్రమము మారునన్నది నిజమే. మారిన భాగమునకు మాత్రము పరీక్ష పెట్టవచ్చును గదా! గడువు పెంచి, పాతవారికిని దారి చూపవలెనని అధికారులను కోరుచున్నాను.

— ఒక పాఠకుడు, బళ్ళారి