ప్రశ్నలు – జవాబులు: నవ్వించే వాయువు, పరుగెత్తే కారు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు పాత ఆరు సిలిండర్ల ఫోర్డు కారు కొన్నాడు. నైట్రస్ ఆక్సైడ్ సీసా తగిలిస్తే చవకలో వేగం వస్తుందంటాడు. ప్రమాదం లేదాండీ?
– ఒక సోదరి

జవాబు: ఉందమ్మా. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు నొప్పి తెలియకుండా తన పన్ను పీకించుకోవడానికి పీల్చిన నవ్వించే వాయువే ఇది. తనంత తాను మండదు. ఇంజను వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువునుబట్టి గాలిలో ఆక్సిజన్ నూటికి 23 పాళ్లయితే, దీనిలో 36. దానికి సరిపడా పెట్రోలు అందితేనే బలం. అందకపోతే వేడి మితిమీరి పిస్టన్ కరుగుతుంది.

కనుక ముందు కంప్రెషన్ పరీక్ష చేయించమనండి. ఆరు సిలిండర్లూ ఒక్క తీరుగా ఉంటేనే ముందడుగు. వాయువుతోపాటు పెట్రోలునూ చిమ్మే రకం కొనాలి. 50 గుర్రాల బలానికి మించవద్దు. ఇగ్నిషన్ టైమింగు కాస్త వెనక్కి జరపాలి. పాత సీసా కొంటే పరీక్ష తేదీ చూడాలి. పెట్రోలు పంపు దగ్గర మాత్రం పొదుపు వద్దు. వాడకం పందేల మైదానంలోనే, అదీ కొద్ది సెకన్లే.

ముసలి ఎద్దును ములుకోలుతో పొడిచేముందు మేత వెయ్యాలి కదా!