కాలుష్య కేసుల్లో మధ్యంతర ఉత్తర్వులు: సమీక్షకు హద్దులు

కాలుష్య నేరాల విచారణ మధ్యంతర ఉత్తర్వులపై సవాళ్లతో నిలిచిపోరాదు. అట్టి ఉత్తర్వులపై రివిజన్‌ను భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 438(2) సెక్షన్ నిషేధిస్తున్నది. అభ్యంతరాన్ని అంగీకరిస్తే కేసే ముగిసే సందర్భాలకు ఆ నిషేధం వర్తించదని 1977లో మధు లిమయే కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇది సమంజసమే. అయితే, వ్యర్థజల నమూనా సేకరణలో లోపమున్నదన్న వాదనను తుది తీర్పుపై అప్పీలులోనూ వినవచ్చు. విచారణ ఆగితే సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది. ఆ నీరు పారిన పొలం స్థితీ మారిపోతుంది. స్టే ఆరు నెలలకు దానంతటదే తొలగదని 2024లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చినందున, స్టే ఇచ్చేటప్పుడే హైకోర్టులు సంయమనం పాటించాలి. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ నిర్దేశించిన రీతిలో నోటీసు, నమూనా విభజన, సీలు, సంతకాలు లేకపోతే విశ్లేషణ ఫలితం సాక్ష్యంగా చెల్లదు. కనుక ఈ విధానాన్ని విద్యార్థులకు ప్రయోగశాల పాఠంతోపాటే బోధించాలి.