అసీలు నిలవాలంటే టీకా ఊరికి రావాలి

సంక్రాంతి వచ్చిందంటే అసీలు పుంజు ధర పత్రికలకెక్కుతుంది. ఆ పుంజును పొదిగిన పెట్ట గురించి, ఆ పెట్టను పెరట్లో సాకిన మహిళా రైతు గురించి రాసేవారు తక్కువ. మనకు కావలసింది ఆమె లెక్క.

అసీలు మన నేల కోడి. ఖమ్మం, గోదావరి ఏజెన్సీ, పక్కనున్న బస్తర్, కోరాపుట్ ప్రాంతాల్లో తరతరాలుగా పెరుగుతోంది. గుడ్ల సంఖ్యలో ఇది వెనకబడుతుందన్నది నిజమే. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెట్ట పెరట్లోనే ఏడాదికి వంద గుడ్ల దాకా పెడుతుంది. గుడ్లు అమ్ముకోవాలనుకునేవారు దాన్ని పెంచుకోవడంలో తప్పు లేదు. కానీ అది పొదగదు. మంద నిలవాలంటే మళ్లీ పిల్లలను కొనాల్సిందే. అసీలు పెట్ట 21 రోజులు పొదిగి, పిల్లలను వెంటేసుకు తిప్పి, గద్ద వస్తే ఎదురు తిరుగుతుంది. చేతిలో డబ్బు లేని ఇంటికి ఈ గుణమే పెట్టుబడి.

ఏజెన్సీ గ్రామాల్లో వాటా పద్ధతి ఉంది. ఒకామె తన పెట్టను మరొకామెకు పెంచడానికి ఇస్తుంది. వచ్చిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. రూపాయి అప్పు లేకుండా కొత్త మంద మొదలవుతుంది.

పెట్టను ఎంచుకునేటప్పుడు డేగా, కాకా, నెమలా అని రంగు చూడనక్కర్లేదు. ఆ లెక్కలు పందెం వాళ్లవి. పోయిన విడత ఎన్ని గుడ్లు పొదిగింది, ఎన్ని పిల్లలు దక్కాయి అని అడగండి. పుంజును మాత్రం వేరే మంద నుంచి తెచ్చుకోండి.

ఇంత చేసినా కొక్కెర తెగులు వస్తే వారం రోజుల్లో పెరడు ఖాళీ అవుతుంది. సోకాక మందు లేదు, ముందుగా టీకా వేయడమే మార్గం. మొదటి వారంలో పిల్ల కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బి ఇంజక్షన్ వేయించాలి. ఖర్చు పెద్దది కాదు. చిక్కంతా సీసాతోనే. ఒక్కో సీసాలో వంద, అంతకు మించి డోసులుంటాయి. చల్లగా ఉంచాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఆ సీసా తెచ్చి ఏం చేసుకుంటుంది? ఊరంతా ఒకే రోజు వేయించుకుంటేనే అది అక్కరకొస్తుంది.

అందుకే ప్రభుత్వాన్ని మూడు కోరుతున్నాం. ప్రతి గ్రామానికీ టీకా రోజు ప్రకటించాలి. ఊరికి ఇద్దరు మహిళలకు శిక్షణ ఇచ్చి, ఐస్ పెట్టె ఇచ్చి, పనికి వేతనం చెల్లించాలి. పెరటి కోళ్ల పథకాల్లో కోరినవారికి అసీలు పెట్టలనూ ఇవ్వాలి.

మన గ్రామ కమిటీలు ఉత్తర్వుల కోసం ఆగొద్దు. ఎండలు ముదరక ముందే ఇంటింటి కోళ్ల లెక్క రాసి, ఆ కాగితంతో పశువైద్యశాలకు వెళ్లండి. వందమంది ఒక్కొక్కరుగా అడిగితే దొరకని టీకాను, వందమంది కలిసి అడిగి తెచ్చుకుందాం.