అప్పజెప్పే ఇంగ్లీషు కాదు, అక్కరకొచ్చే ఇంగ్లీషు కావాలి

అక్కలారా, చెల్లెళ్ళారా,

ఈసారి మన గోడపత్రికలో ఇంగ్లీషు గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. నవ్వినా ఫరవాలేదు కానీ చివరిదాకా చదవండి.

మాది నాగిరెడ్డిపేట మండలంలో ఒక తండా. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఇంట్లో లంబాడీ మాట్లాడుతం. తెలుగు ఒకటో తరగతిలో నేర్చుకున్న. ఇంగ్లీషు నాకు మూడో భాష. మనలో చానామందికి ఇట్లనే.

మొన్న దసరా సెలవులకు ఇంటికి పోతే మా యాడికి (అమ్మకు) కడుపులో మంట. నాయన గోలీలు తెచ్చి, చీటీ నా చేతిలో పెట్టి, "నువ్వు ఇంగ్లీషు చదువుతున్నవు గదా, ఎప్పుడు వేసుకోవాల్నో చెప్పు బిడ్డా" అన్నడు. దాని మీద "ఆన్ ఎంప్టీ స్టమక్" అని ఉంది. 'ఎంప్టీ'కి వ్యతిరేక పదం 'ఫుల్' అని పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్న. 'స్టమక్' అంటే కడుపు అని సైన్సులో చదివిన. కానీ రెండూ కలిస్తే పరగడుపున అని నాకు తట్టలేదు. తెలియదు అనడానికి సిగ్గయ్యి, "అన్నం తిన్నంక వేసుకో" అని చెప్పిన. నాలుగు రోజులైనా మంట తగ్గలేదు. ఐదో రోజు మందుల షాపాయన చెప్తే అసలు సంగతి తెలిసింది. యాడి నన్ను ఒక్క మాట అనలేదు. నా బిడ్డ చదువుకున్నది అని నమ్మింది. అందుకే నాకు ఎక్కువ బాధ అయింది.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. మనం టెన్సులు అప్పజెప్తం, వాయిస్ మారుస్తం, ఖాళీలు నింపుతం. మార్కులు వస్తయి. కానీ మన సొంత మాట ఒక్కటి ఇంగ్లీషులో చెప్పమంటే గొంతులో ఆగిపోతది. అట్లని గ్రామర్ వద్దు అని నేను అనను. గ్రామర్ తప్పితే అర్థమే మారుతది. కానీ దాన్ని మన మాటలతో పోల్చి చూస్తే తొందరగా ఎక్కుతది.

తెలుగులో "రోజూ తింటాను", "రేపు తింటాను" అంటం. రెండింటికీ మాట ఒక్కటే. ఇంగ్లీషులో రోజూ అయితే "ఐ ఈట్", రేపు అయితే "ఐ విల్ ఈట్". మనం తప్పు చేసేది ఇక్కడనే. "బల్ల మీద" అని మనం వెనుక పెట్టే 'మీద'ను వాళ్ళు ముందు పెట్టి "ఆన్ ది టేబుల్" అంటరు. లంబాడీలో గానీ తెలుగులో గానీ 'ఎ', 'ది' లాంటివి లేవు. అందుకే మరిచిపోతం. నది పేరుకు ముందు 'ది' పెట్టాలె, ఊరి పేరుకు వద్దు. "ది మంజీర" అనాలె, నాగిరెడ్డిపేటకు ఏమీ అక్కర్లేదు. ఇట్ల చెప్పుకుంటే ఎవరు మరిచిపోతరు?

మాలావత్ పూర్ణ అక్క మన లంబాడీ బిడ్డనే. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు. తాడ్వాయి గురుకులంలో చదివింది. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. దానికి ముందు భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. కొండ ఎక్కుడు ఎట్లనో నోట్సు రాసుకుంటే కొండ ఎక్కలేము. భాష కూడా అంతే.

నేను చెప్పేది ఇదీ:

1. రోజూ స్టడీ అవర్‌లో ఐదు వాక్యాలు రాద్దాం. గైడులోవి కాదు, ఆ రోజు నిజంగా జరిగినవి. "టుడే దాల్ వజ్ సాల్టీ" అని రాసినా సరే.

2. కొత్త పదాన్ని పదిసార్లు రాసే బదులు మూడు వాక్యాలలో వాడుదాం. పక్క పదంతో కలిపి నేర్చుకుందాం. నేను 'ఎంప్టీ'ని ఒంటరిగా నేర్చుకుని మోసపోయిన.

3. "డిడ్ యు ఏట్" అని ఎవరన్నా అంటే నవ్వొద్దు. 'డిడ్'లోనే జరిగిపోయిన కాలం ఉంది, "డిడ్ యు ఈట్" చాలు అని మెల్లగా చెప్దాం. ఒక్కసారి నవ్వితే ఆ పిల్ల నెల రోజులు నోరు తెరవదు. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అట్లనే మూసుకున్న.

4. వారానికి ఒక పీరియడ్ మాట్లాడడానికే ఇవ్వమని మేడంలను అడుగుదాం.

5. ఇంగ్లీషు రావాలంటే లంబాడీ మరిచిపోవాలి అనే మాట నమ్మొద్దు. చీటీ ఇంగ్లీషులో చదివినా, యాడికి చెప్పాల్సింది మన మాటలోనే కదా!

మళ్ళీ సెలవులకు పోయినప్పుడు నాయన ఏ కాయితం చేతిలో పెట్టినా సరిగ్గా చదవాలె. తెలియకపోతే తెలియదు, అడిగి చెప్తా అని అనాలె. నాకు 100 మార్కుల కన్నా అదే ఎక్కువ.

ఇది నా అభిప్రాయం. తప్పులుంటే క్షమించండి. మీ అభిప్రాయం వచ్చే నెల రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని