కూడికకు రావాలంటే ఉత్తరం కావాలా?

పాస్టరేట్ కమిటీ సెక్రటరీ గారికి, కమిటీ పెద్దలకు,

పోయిన ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటనల్లో చదివించిన తీర్మానం గురించే ఈ లేఖ. వచ్చే నెల నుంచి యవ్వనస్థుల కూడికకు మన రిజిస్టరులో పేరున్న కుటుంబాల పిల్లలే రావాలట. బయటివాళ్లయితే సొంతూరి సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చి, చందా కట్టి, ఆ తర్వాతే కూర్చోవాలట. తలుపు దగ్గర అప్పుడే ఒక పుస్తకం కూడా వెలిసింది. పేరు, తండ్రి పేరు, సొంతూరు, అక్కడి సంఘం, బాప్తిస్మం తేదీ, ఇక్కడ ఎవరు తెలుసు అని గళ్లు గీశారు. ఎక్కడ ఉంటున్నావు, తిండికి ఏం చేస్తున్నావు అనే గడి లేదు. ఆ గళ్లు నింపేలోపే పక్కన నిలబడ్డ పెద్దాయన ‘ఎవరి తాలూకు బాబూ?’ అని అడగనే అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఇంకే ప్రశ్న ఉందో తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో ఆదివారం సాయంత్రం మన హాలుకు వచ్చేది ఎవరో మీకు తెలియనిది కాదు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగుకు వెళ్లేవాళ్లు, మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసి కళ్లు మండుతూ వచ్చేవాళ్లు, నర్సింగు చదివే అమ్మాయిలు. గుంటూరు కుర్రాడిది లూథరన్ సంఘం, ఒంగోలు అమ్మాయిది బాప్టిస్టు సంఘం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాడిది మెన్నొనైట్. వాళ్ల కాపరి ఉత్తరం ఇస్తే మనకు చెల్లుతుందా? లేక మళ్లీ కన్ఫర్మేషన్ తీసుకోమంటారా? ఆరు నెలలకోసారి హాస్టల్ మారేవాడు ఎన్నిసార్లు బదిలీ కావాలి? ఊళ్లో పేరు తీయించుకుంటే రేపు పెళ్లి అక్కడి గుడిలో చేస్తారా అని వాళ్ల అమ్మానాన్నలు బెంగపడితే ఎవరు జవాబు చెబుతారు? తీర్మానంలో వీటిలో ఒక్కదానికీ సమాధానం లేదు.

అసలు మన దక్షిణ ఇండియా సంఘం పుట్టిందే వేర్వేరు సంఘాలవాళ్లు ఒకే బల్ల దగ్గరికి రావడం కోసం. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కొలిక్కి వచ్చాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు తమ పట్టుదలలు సడలించుకుని ఒక్కటయ్యారు. ఆ ఐక్యత కోసం ముందు నిలబడి పనిచేసిన వారిలో దోర్నకల్ బిషప్ అజరయ్య గారొకరు. ఇరవై దాటీ దాటకముందే వై.ఎం.సి.ఏ.లో యువకుల మధ్య పని మొదలుపెట్టిన మనిషి ఆయన. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ముఖం మీదే ఆయన చేసిన ఫిర్యాదు కూడా స్నేహం గురించే. మీరు మాకు ఎంతో చేశారు కానీ స్నేహితులు కాలేకపోయారన్నది దాని సారాంశం. ఆయన వర్ధంతికి దండ వేసే మనం ఇప్పుడు సాటి క్రైస్తవుణ్నే గుమ్మంలో నిలబెట్టి కాగితం అడుగుతున్నాం.

మీ వాదన కూడా విన్నాను. కొత్తవాళ్లు పెరిగితే పాస్టరేట్ ఎన్నికల్లో ఓట్లు తారుమారవుతాయని ఒక భయం. ఓటర్ల జాబితాకు వేరే నియమాలున్నాయి, వాటిని ఎంత గట్టిగానైనా పాటించండి. సాయంత్రం పాటలు పాడుకుని టీ తాగి వెళ్లేవాడు ఓటు అడగలేదు. గిటారు కోసం, అమ్మాయిల కోసం వస్తున్నారన్నది రెండో మాట. వస్తే రానివ్వండి, స్త్రీల మైత్రికి కబుర్ల కోసం వచ్చేవాళ్లు లేరా? పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే త్రోయలో ఐతుకు అనే యువకుడు కిటికీలో కునికి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు దిగివెళ్లి అతణ్ని కౌగిలించుకున్నాడు తప్ప నిద్రపోయినందుకు సంజాయిషీ అడగలేదు. ఇక తొమ్మిది దాటాక డ్రమ్స్ మోతకు పక్క అపార్ట్‌మెంటువాళ్లు గొడవ చేస్తున్నారన్నది మాత్రం న్యాయమైన మాటే. దానికి వేళ పెట్టండి, బాధ్యులుగా ఇద్దర్ని పెట్టండి. దానికీ బదిలీ ఉత్తరానికీ సంబంధమేమిటి?

పెద్ద మందిరాలు మన పిల్లల్ని లాక్కుపోతున్నాయని ప్రతి వార్షిక సమావేశంలోనూ బాధపడతారు. అక్కడ మొదటి వారమే ఎవరో ఒకరు పేరు అడిగి, ఫోను నంబరు తీసుకుని, బుధవారానికల్లా ఎలా ఉన్నావని కబురు పెడతారు. మన దగ్గర వెనక బల్ల మీద నెలల తరబడి కూర్చున్నా పలకరించే దిక్కుండదు. ఇంతకీ ఈ తీర్మానం చేసిన రోజు బల్ల చుట్టూ నలభై లోపువాళ్లు ఒక్కరైనా ఉన్నారా? కూడిక నడిపేవాళ్లను పిలిచి ఒక్క మాట అడిగారా? గుడ్ ఫ్రైడే నాడు కుర్చీలు మోసినవాళ్లలో ఉత్తరం ఉన్నవాళ్లెందరో ఎవరైనా లెక్క చూశారా?

దయచేసి వచ్చే సమావేశంలో దీన్ని మళ్లీ ఆలోచించండి. ఎలా మారుస్తారో మీరే చూడండి, అప్పటిదాకా అమలు ఆపితే మంచిది. డిసెంబరు ఎంతో దూరం లేదు, కేరల్స్‌కు పేర్లివ్వమని ఆ పిల్లల్నే మీరు అడగాల్సి ఉంటుంది.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు