ఎవరి మాట ఎవరు వినాలి?

సేవ చేయడానికి వెళ్ళినవాళ్ళు విసుగుపుట్టి తరచు అనే మాట ఒకటుంది: "ఎంత చెప్పినా వాళ్ళు మాట వినరు." మన వాడుకలో మాట వినడమంటే చెప్పినట్టు చేయడం. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉండే పిజంజజర జనం భాషలో 'కులిని' అనే మాట ఉంది. వినడం, ఆలోచించడం, అర్థం చేసుకోవడం - మూడూ దాని అర్థాలే. ఈ రెండు రకాల వినడాల మధ్య ఉన్న తేడా ఎంతటిదో ఆ ఎడారి స్త్రీలు నాలుగు దశాబ్దాలకు పైగా తమ పనితో చూపిస్తున్నారు.

1970ల చివర దక్షిణ ఆస్ట్రేలియాలో మూలవాసులు భూమి హక్కుల కోసం పోరాడారు. 1981లో చట్టం వచ్చి లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా భూమి తిరిగి వాళ్ళ చేతికి దక్కింది. కానీ ఆ సంప్రదింపుల్లో తమ గొంతు వినబడటం లేదని స్త్రీలకు అర్థమయింది. ఆ భూమి మీద తమకూ ఆచారాలున్నాయి, బాధ్యతలున్నాయి. అయినా అడిగేవారు లేరు. ఆ అసంతృప్తిలోంచే 1980లో ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్ పుట్టింది. న్గాన్యజర, పిజంజజర, యంకునిజజర అనే మూడు జనసమూహాల పేర్లలోని తొలి అక్షరాలే ఆ పేరు. దాదాపు 3,50,000 చదరపు కిలోమీటర్ల ఎడారిలో విసిరేసినట్టున్న ఊళ్ళ స్త్రీలే దాని సభ్యులు, వాళ్ళు ఎన్నుకున్న స్త్రీలే దాని డైరెక్టర్లు.

ఇందులో బయటి ఉద్యోగులూ ఉన్నారు. అయితే పని చేసే పద్ధతి వేరు. దాన్ని 'మల్పరార' అంటారు. మల్ప అంటే తోడు. ఒక మూలవాసి కార్యకర్త, ఒక బయటి కార్యకర్త జతగా వెళ్తారు. చుట్టరికాలు, ఏ మాట ఎవరి ముందు అనకూడదో ఒకరికి తెలుసు. కోర్టులు, దరఖాస్తులు, ఆసుపత్రులు మరొకరికి తెలుసు. ఎవరూ ఎవరికీ సహాయకులు కారు.

ఆ తోడు ఏం సాధించింది? ఆ ఎడారి మూడు ప్రభుత్వాల సరిహద్దుల్లో ఉంది. భార్యను కొట్టినవాడు సరిహద్దు దాటితే చాలు, అవతలి పోలీసుకు పట్టేది కాదు. గృహహింసకు గురైన స్త్రీల కోసం 1994 నుంచి పనిచేస్తున్న కౌన్సిల్, చట్టం కూడా సరిహద్దు దాటాలని పట్టుబట్టింది. 2009లో మూడు ప్రభుత్వాల పోలీసులు, న్యాయమూర్తులు సరిహద్దులకు అతీతంగా పనిచేసే ఏర్పాటు అమల్లోకి వచ్చింది. పెట్రోలు పీల్చి పిల్లలు పాడైపోతుంటే, మత్తు ఎక్కించని పెట్రోలు కావాలని ఈ స్త్రీలే ప్రభుత్వం వెంటపడ్డారు. 2005 నుంచి అలాంటి ఇంధనం వచ్చింది. 1995లో మొదలైన జాన్‌పి అనే గడ్డి అల్లికల పని వందలాది స్త్రీలకు సొంత సంపాదన నిచ్చింది. 2012లో ఊటి కులింజాకు అనే పని మొదలైంది. మూలవాసి వైద్యులు, పెద్ద స్త్రీలు మానసిక వైద్య నిపుణులతో కలిసి కూర్చుని, మనసు బాధలకు రెండు భాషల్లోనూ సరైన మాటలు వెతికారు. అక్కడ నిపుణులు నేర్పడానికే కాదు, నేర్చుకోవడానికీ కూర్చున్నారు.

దీనికి ఎదురుగా మరో దృశ్యం ఉంది. పిల్లల మీద అత్యాచారాలు జరుగుతున్నాయన్న నివేదిక దరిమిలా, 2007లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర ప్రాంతంలోని మూలవాసి ఊళ్ళలోకి సైన్యం సాయంతో దిగింది. అందుకోసం జాతి వివక్ష నిషేధ చట్టాన్నే పక్కన పెట్టింది. మూలవాసులను నిజంగా సంప్రదించండని ఆ నివేదికే మొదట చెప్పింది. ఆ చర్యల మీద మూలవాసి స్త్రీలలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, నిజమే. హింస నుంచి తక్షణం రక్షణ కావాలన్నవారి ఆవేదనను కాదనలేం. కానీ రక్షణ కోరడం వేరు, తమ జీవితాల మీద నిర్ణయాధికారం వదులుకోవడం వేరు. 2023లో మూలవాసుల అభిప్రాయం వినిపించే ఒక సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనను అక్కడి ఓటర్లలో 60 శాతం మంది తిరస్కరించారు. వినడమన్నది ఇంకా ఎంత కష్టంగా ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

స్త్రీల సంఘాలుగా పనిచేసే మనకూ ఇందులో పాఠం ఉంది. ఒక గూడేనికో, ఒక బస్తీకో మనం వెళ్ళినప్పుడు అక్కడి స్త్రీని వెంటబెట్టుకుంటాం. ఆమె దారి చూపుతుంది, మాట చెబుతుంది, తలుపులు తెరిపిస్తుంది. జీతం ఎవరికి? నివేదికలో పేరు ఎవరిది? ఎక్కడ ఆగాలో, ఏది వద్దో నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే, మన పక్కన నడుస్తున్నది తోడో, మనం వాడుకుంటున్న మనిషో తేలిపోతుంది.

మంచి మనసు ఒక్కటే సరిపోదు. పగ్గాలు ఆమె చేతిలో ఉండాలి. మనం పక్కన నడవడం నేర్చుకోవాలి. వాళ్ళు మాట వినడం లేదని మళ్ళీ అనబోయే ముందు, మనం విన్నామా అని ఒకసారి అడుగుదాం.